ఏసీకి గాలి దారి, నీటి దారి: మెకానిక్‌ని పిలిచే ముందు మనం చేసుకోగల పనులు

పోయిన మే నెలలో ఒక రాత్రి రెండింటికి నా నుదుటి మీద చుక్క పడింది. కలలో వానేమో అనుకున్నా. రెండో చుక్క పడ్డాక లేచి లైటు వేస్తే, ఇండోర్ యూనిట్ కింది అంచున నీళ్ళు ముత్యాల్లా వరస కట్టి ఉన్నాయి. దిండు జరిపి ఆ చోట గిన్నె పెట్టి పడుకున్నాం. తెల్లారి వచ్చిన మెకానిక్ కుర్రాడు కింద నిలబడే తలెత్తి చూసి, "గ్యాస్ తగ్గింది సార్, మూడు వేలవుతుంది" అన్నాడు. గాలి చల్లగానే వస్తోంది కదా, గ్యాస్ ఎలా తగ్గుతుందని నాకు ఒప్పబుద్ధి కాలేదు. రేపు చెప్తానని పంపేశాను. సాయంత్రం బాల్కనీలోకి వెళ్ళి డ్రైన్ పైపు కొస చూద్దును కదా, బిరడా బిగించినట్టు మట్టి! గోడ మూలల్లో మట్టి గూళ్ళు కట్టే పురుగు ఒకటుంటుంది, చూడ్డానికి కందిరీగలా. దాని పని. పాత గొడుగు ఊచతో పొడిచేసరికి బుడబుడమంటూ చెంబెడు నీళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి. రాత్రి ఏసీ మళ్ళీ మామూలే.

మన ఇళ్ళలో ఏసీతో వచ్చే తంటాలు చాలావరకు ఇలాంటివే. గాలి వెళ్ళే దారిలో దుమ్ము పేరుకుంటుంది, లేదా నీళ్ళు వెళ్ళే దారికి ఏదో అడ్డం పడుతుంది. ఈ రెండు దారులూ తెరిచి ఉంచడం మన చేతనయ్యే పనే. కరెంటు, గ్యాస్, ఎత్తు ఈ మూడూ మాత్రం మనవి కావు, మెకానిక్‌వి. కింద చెప్పేదంతా ముఖ్యంగా స్ప్లిట్ ఏసీ గురించి. విండో ఏసీ సంగతి చివర్లో నాలుగు ముక్కలు.

లోపల ఏం జరుగుతుంది

ఇండోర్ యూనిట్ గదిలోని గాలిని పైనుంచి లాక్కుంటుంది. ఆ గాలి ఫిల్టర్ జాలీని దాటి, చల్లటి కాయిల్ (గ్యాస్ తిరిగే రాగి గొట్టాలు, వాటికి తొడిగిన పల్చటి రేకులు) మధ్య నుంచి దూరి, బ్లోయర్ దగ్గరికొస్తుంది. బ్లోయర్ అంటే అడ్డంగా పొడుగ్గా, రోలర్‌లా ఉండే చక్రం. అది గాలిని కింద నుంచి గదిలోకి తోస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టే కాయిల్‌కీ పడుతుంది. విశాఖ, మచిలీపట్నం వైపు ఉక్కపోత రోజుల్లో అలా కారే నీళ్ళు గంటకు లీటరు దాటినా ఆశ్చర్యం లేదు. అవి కింది ట్రేలో పడి, పైపులోంచి బయటికి పోతాయి. గోడకు బిగించే మామూలు స్ప్లిట్‌లో ఆ నీళ్ళను తోసే పంపు ఉండదు. వాలుంటే పోతాయి, లేకపోతే మన మంచం మీదికొస్తాయి.

గదిలోంచి లాగిన వేడి రాగి గొట్టాల్లోని గ్యాస్ ద్వారా బయట ఉండే అవుట్‌డోర్ యూనిట్‌కి చేరుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ అలా ఐదు కిలోవాట్ల పైచిలుకు వేడిని మోస్తుంది. (టన్ను అంటే దాని బరువు కాదు. టన్ను ఐసు 24 గంటల్లో కరగాలంటే ఎంత వేడి కావాలో, అంత వేడిని లాగే శక్తి.) ఆ వేడంతా అవుట్‌డోర్ ఫ్యాన్ ఊదేయాలి. దాని ముందో వెనకో గాలి ఆడకపోతే, లోపల మీరు ఎంత శుభ్రం చేసినా వృథాయే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. సర్వీసింగ్‌కి ముహూర్తం కూడా అదే. మాఘమాసంలో ఫోన్ చేస్తే మెకానిక్ మర్నాడు వచ్చి, తొందర లేకుండా పని చేసి, టీ తాగి వెళ్తాడు. ఏప్రిల్ దాటాక అదే మనిషి రోజుకి పది ఇళ్ళు తిరగాలి, మీ ఇంట్లో ఇరవై నిమిషాలకు మించి నిలవడు. ఇక రోహిణీ కార్తెలో పాడైతే, రోళ్ళు పగిలే ఎండలో రెండు రోజులు ఫ్యాన్ కింద తడిగుడ్డ కప్పుకుని ఎదురుచూడాల్సిందే.

మెకానిక్ చేసే నీళ్ళ సర్వీసింగ్ ఏడాదికోసారి, వేసవికి ముందు. ఏసీ రోజంతా నడిచే ఇళ్ళలో, సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో రెండుసార్లు. మనం చేసుకునే ఫిల్టర్ కడుగుడు మాత్రం సీజన్లో రెండు వారాలకోసారి. ఇల్లు మెయిన్ రోడ్డు మీద ఉన్నా, పక్కన బిల్డింగ్ లేస్తున్నా, ఇంట్లో కుక్కలో పిల్లులో ఉన్నా వారం వారం. హాల్లో ఏసీ పెట్టి, పక్కనే తలుపు లేని వంటగది ఉంటే దాని కష్టం వేరు. తాళింపు పొగ, అగరొత్తులు, సాంబ్రాణి, దోమల చుట్ట అన్నీ కలిసి జాలీ మీద జిడ్డు పూత వేస్తాయి. దాని మీద పడిన దుమ్ము ఇక ఊడదు. బట్టలు ఆరేసిన గదిలో, దుప్పట్లు దులిపే గదిలో నూగు పట్టడం వేరే రకం, అది తేలిగ్గానే వచ్చేస్తుంది.

అన్నిటికంటే ముందు కరెంటు

రిమోట్‌తో ఆపడం ఆపడం కాదు. గోడ మీది స్విచ్, స్టెబిలైజర్ ఉంటే అది, ఆపైన ఏసీకి వేరుగా ఉన్న ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఫ్యూజు బదులుండే స్విచ్) కూడా దించండి. బోర్డు మీద ఏ ఎంసీబీ దేనిదో రాసి లేకపోతే ఇవాళే రాసి పెట్టుకోండి. ప్లాస్టిక్ కుర్చీ మీద ఎక్కకండి, దాని కాళ్ళు పక్కకు జారతాయి. కదలని స్టూలో నిచ్చెనో వేసుకుని, కింద ఒకరిని పట్టుకోమనండి. కింద మంచం ఉంటే పాత దుప్పటి పరచండి. మొదటిసారి తెరిచినప్పుడు రాలే దుమ్ము చూస్తే ఇన్నాళ్ళూ ఏం పీల్చామో తెలిసొస్తుంది.

ఫిల్టర్లు

ముందు ప్యానెల్‌కి రెండు పక్కలా వేళ్ళు పట్టే గాడులుంటాయి. రెండు చేతులతో ఒకేసారి పట్టి మీ వైపు లాగుతూ పైకెత్తండి. ఒకచోట టక్కుమని నిలబడుతుంది. ఒక పక్కే లాగితే మడత దగ్గర ప్లాస్టిక్ విరుగుతుంది. విరిగిన ప్యానెల్ నిలవక, టేపు వేసి నడిపే ఇళ్ళు నాకు రెండు మూడు తెలుసు. కొన్ని మోడళ్ళలో ఫిల్టర్ ముందు కాకుండా యూనిట్ పైభాగంలోంచి జారి వస్తుంది, ప్యానెల్ తెరవనక్కర్లేదు. మీదేదో కొన్నప్పుడిచ్చిన బుక్కులో బొమ్మ ఉంటుంది.

జాలీని మధ్యలో ఉన్న పట్టు దగ్గర కొద్దిగా పైకి నెట్టి, అడుగు గాడిలోంచి తప్పించి కిందికి లాగండి. సాధారణంగా కుడికొకటి ఎడమకొకటి, రెండుంటాయి. రెండూ వెలుగుకి అడ్డం పట్టి చూడండి. అవతలి కిటికీ కనపడకుండా బూడిదరంగు దుప్పటిలా ఉంటే, మీ ఏసీ ఇన్నాళ్ళూ ముక్కు మూసుకుని ఊపిరి పీల్చిందన్నమాట.

కడిగే తీరు: దుమ్ము పట్టిన వైపు నుంచి నీళ్ళు కొట్టకండి, అది కన్నాల్లోకి ఇంకా కూరుకుంటుంది. జాలీని తిరగేసి, శుభ్రంగా ఉన్న వైపు నుంచి కుళాయి ధార పెట్టండి. వచ్చిన దారినే పోతుంది. చాప చుట్టినట్టు ఒక పొరగా ఊడిపోతుంటే అదో తృప్తి. జిడ్డుంటే గిన్నెలు తోమే సబ్బునీళ్ళో షాంపూ నీళ్ళో కలిపిన బకెట్లో పది నిమిషాలు నాననిచ్చి, పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్దండి. మరిగిన నీళ్ళు వద్దు, ఫ్రేము వంకర పోతుంది. ఎండలో పెట్టినా అంతే. ఆ వంకర ఫ్రేము మళ్ళీ గాడిలో కూర్చోదు, ఆ సందులోంచి దుమ్ము సరాసరి కాయిల్ మీదికి పోతుంది. నీడలో, ఫ్యాన్ కింద ఆరనివ్వండి. పూర్తిగా ఆరాకే పెట్టండి. తడి జాలీ అంటే బూజుకి పిలుపే.

పెద్ద జాలీ మీద చిన్న చిన్న పట్టీల్లా ఇంకో ఫిల్టర్ ఉంటే, అంటే కార్బన్‌దో సన్నటి ధూళి పట్టేదో, దాన్ని నీళ్ళలో వేసే ముందు బుక్కు చూడండి. అవి చాలావరకు కడిగేవి కావు, మార్చేవి. తిరిగి బిగించాక కొన్ని ఏసీల్లో ఫిల్టర్ లైటు వెలుగుతూనే ఉంటుంది, రిమోట్‌లో రీసెట్ నొక్కాలి.

కాయిల్, బ్లోయర్: చూడండి, చేత్తో తాకొద్దు

జాలీలు ఆరేలోపు టార్చి వేసి కాయిల్ చూడండి. అట్టల్లా దగ్గర దగ్గరగా నిలువు రేకులుంటాయి, అవే ఫిన్నులు. కాగితం అంచులా పదునైనవి, కాగితంలాగే వంగిపోయేవి. పైపైన నూగుంటే మెత్తటి పెయింట్ బ్రష్‌తో పై నుంచి కిందికి, రేకుల వాటానే దువ్వండి. అడ్డంగా రుద్దితే వంగి గాలి దారి మూసుకుంటుంది. బజారులో దొరికే నురగ స్ప్రేలు కొట్టేసి ఇక సర్వీసింగ్ అక్కర్లేదనుకునేవాళ్ళున్నారు. నాకు వాటి మీద పెద్ద గురి లేదు. తర్వాత నీళ్ళతో బాగా కడగకపోతే ఆ నురగ, దుమ్ము కలిసి ముద్దై ట్రేలోకి దిగుతుంది, అక్కణ్ణుంచి పైపుకి అడ్డం పడుతుంది. కొట్టేవాళ్ళు కనీసం కుడిపక్క మీద పడకుండా చూసుకోండి. చాలా యూనిట్లలో కరెంటు సర్క్యూట్ బోర్డు అక్కడే ఉంటుంది. బట్టల సోడా, బ్లీచింగ్, యాసిడ్ ఏదీ కాయిల్ దగ్గరికి రానివ్వకండి. అవి అల్యూమినియాన్ని తినేస్తాయి.

ఇప్పుడు గాలి వచ్చే కింది రెక్కల సందులోంచి టార్చి లోపలికి కొట్టండి. బ్లోయర్ రెక్కల మీద నల్లటి మచ్చలు, తడి బూడిద పులిమినట్టు పొర కనిపిస్తే అదే మీ గదిలో ఆ మురుగు వాసనకి కారణం. గాలి జోరు తగ్గడానికీ అదే కారణం. పుల్ల పెట్టి గోకాలనిపిస్తుంది, వద్దు. ఒక రెక్క విరిగినా చక్రం తూకం తప్పి రాత్రంతా గడగడమంటుంది. అది జెట్ పంపుతో మెకానిక్ చేయాల్సిన పని.

నీటి దారి

నా కథ ఇక్కడిదే కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

ముందు పైపు కొస వెతకండి. చాలామందికి తమ ఇంటి డ్రైన్ పైపు ఎక్కడ తేలుతుందో తెలియదు. ఏసీ అరగంట నడిచాక అక్కడ చుక్క చుక్కగా నీళ్ళు పడుతుండాలి. బయట ఉక్కగా ఉండి, గది చల్లబడుతూ, అక్కడ మాత్రం చుక్క లేదంటే నీళ్ళు ఎక్కడో ఆగుతున్నాయని అర్థం.

మన ఇళ్ళలో ఒక అలవాటు: నీళ్ళు వృథా ఎందుకని పైపుని బకెట్లో పెడతాం. మంచిదే. కానీ బకెట్ నిండి పైపు మూతి నీళ్ళలో మునిగిందా, లోపలి గాలికి దారి ఉండదు, నీళ్ళు వెనక్కి నిలుస్తాయి. పైపు కొస ఎప్పుడూ బకెట్ అంచు కంటే పైనే వేలాడాలి. అలాగే పైపు మధ్యలో ఎక్కడా పాములా కిందికి దిగి మళ్ళీ పైకి ఎక్కకూడదు. ఆ లోయలో నీళ్ళు నిలిచి పాచి పడుతుంది. ఇక ఆ బకెట్లో నీళ్ళు గచ్చు తుడవడానికి, మొక్కలకు, బండి కడగడానికి బాగుంటాయి. తాగడానికి, వంటకి వద్దు, కాయిల్ మీది మురికంతా కడుక్కుని వచ్చినవే అవి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేవాళ్ళున్నారు, నేనైతే పోయను. నూరో నూటయాభయ్యో పెడితే డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంటే, వేల రూపాయల బ్యాటరీతో పందెమెందుకు?

పరీక్ష సులువు. కరెంటు ఆపి ఉండగానే, జాలీలు తీసిన చోట, ఎడమ వైపుగానో మధ్యలోనో కాయిల్ మీద గ్లాసుతో నెమ్మదిగా నీళ్ళు పోయండి. మొత్తం అర లీటరు, అయిదు నిమిషాల్లో, ధార కట్టకుండా. అవతల పైపు కింద ఒకరు మగ్గు పట్టుకోవాలి. దాదాపు అర లీటరూ వస్తే దారి బాగున్నట్టే. నల్లటి తీగల్లా, జెల్లీలా ఏదైనా వస్తే పాచి ఉందన్నమాట. ఇంకో రెండు గ్లాసులు గోరువెచ్చటి నీళ్ళు పోయండి. అసలు రాకపోతే ఆపేయండి, లేదంటే మిగతా నీళ్ళు గోడ మీదికి వస్తాయి.

మూసుకుపోయిన పైపుని బయటి కొస నుంచి విప్పాలి. మూతి దగ్గర మట్టి గూడైతే నాలాగ ఊచ చాలు, ఒక జానెడు మించి లోపలికి దూర్చకండి, మెత్తటి పైపు చిరుగుతుంది. లోపల పాచి అయితే ఊదడం కంటే పీల్చడం మేలు. నీళ్ళు లాగగలిగే వాక్యూమ్ క్లీనర్ ఉంటే పైపు మూతికి ఆనించి, చుట్టూ గుడ్డ బిగించి రెండు నిమిషాలు నడిపితే లోపలిదంతా వచ్చేస్తుంది. నోటితోనో, సైకిల్ పంపుతోనో ఊదితే ఆ చెత్త వెనక్కి ట్రేలోకి వెళ్ళి, మీ తెల్లగోడ మీద చిమ్ముతుంది. పని అయ్యాక పైపు మూతికి పురుగు దూరకుండా పెద్ద కన్నాల జాలి ముక్క కట్టి, నెలకోసారి చూడండి. సన్న జాలి, గుడ్డ కట్టకండి, అవే అడ్డమవుతాయి.

పైపు బాగుండీ నీళ్ళు కారుతుంటే? యూనిట్ ఒక పక్కకు వాలి ఉండొచ్చు. రాగి గొట్టాలకు చుట్టిన నల్ల స్పాంజి చిరిగి గొట్టానికే చెమట పడుతుండొచ్చు. లేదా కాయిల్ మీద ఐసు కట్టి, ఏసీ ఆపగానే కరిగి ఒకేసారి పొంగుతుండొచ్చు. ఐసు కట్టిందంటే ఫిల్టర్ మూసుకుపోయిందనో, గ్యాస్ నిజంగానే తగ్గిందనో. కత్తి పెట్టి పెళ్ళగించకండి. ఏసీ ఆపి, లేదా కూలింగ్ లేకుండా ఫ్యాన్ మోడ్‌లో పెట్టి, కరగనివ్వండి. ఫిల్టర్ కడిగాక కూడా మళ్ళీ కడితే మెకానిక్‌ని పిలవాల్సిందే.

అవుట్‌డోర్ దగ్గర

మేడ మీదో, బాల్కనీలోనో, నేల మీద నిలబడి అందే చోటో ఉంటేనే చేయి వేయండి. కిటికీ లోంచి వంగి, సన్‌షేడ్ మీదికి దిగి చేసే పని కాదు. ఆ పనికి తాడు, బెల్టు ఉన్న మనిషి కావాలి. మెకానిక్ కూడా వాటి గురించి పట్టించుకోకపోతే మీరే ఆపండి. "ఏం కాదు సార్, రోజూ చేసేదే" అంటాడు. ఒక్కరోజు అయితే చాలు కదా.

కరెంటు ఆపాక చుట్టూ చేరిన ఆకులు, పాలిథిన్ కవర్లు, పావురాల పుల్లలు తీసేయండి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పావురాల బెడద తెలిసిందే. యూనిట్ వెనక గోడ సందులో గూడు కట్టి, రెట్టతో ఫిన్నుల్ని తినేస్తాయి. ఎండిన రెట్టని పొడిగా గీకకండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, ముందు తడిపి, తర్వాత తీయండి. ఆపైన మొక్కలకు పెట్టే పైపుతో, వేలు అడ్డం పెట్టి జోరు పెంచకుండా, ఫిన్నుల మీద పై నుంచి కిందికి నీళ్ళు జారవిడవండి. కరెంటు వైర్లు దిగే పక్క మీద పోయొద్దు. అరగంట ఆరనివ్వండి.

మూత విప్పి లోపల శుభ్రం చేయాలన్న ఉత్సాహం వద్దు. అందులో ఉండే కెపాసిటర్ కరెంటు తీసేశాక కూడా షాక్ కొట్టగలదు. బల్లులు, చీమలు దూరి బోర్డు కాలిపోవడం మన వైపు మామూలే. వైర్లు లోపలికి వెళ్ళే కన్నం తెరుచుకుని ఉంటే మెకానిక్ చేత మూయించండి.

దాని వెనక కనీసం అడుగు సందు, ముందు బారెడు ఖాళీ ఉండాలి. ఎండ పడుతోందని చుట్టూ గోనెలు, రేకులు కప్పుతారు కొందరు. నెత్తి మీద గొడుగులా నీడ వేస్తే మంచిదే, చుట్టూ దుప్పటి కప్పినట్టు వేస్తే అది ఊదిన వేడిగాలినే మళ్ళీ పీలుస్తుంది.

మెకానిక్ వచ్చినప్పుడు

పని మొదలుపెట్టకముందే ఏసీ వేసి చూపించండి. చల్లదనం ఎలా ఉంది, చప్పుడుందా అన్నది ఇద్దరూ చూడాలి. లేకపోతే పనయ్యాక "ముందే ఇలా ఉంది సార్" అన్న మాట వినాల్సొస్తుంది. జాలీ దులిపి, గుడ్డతో తుడిచి వెళ్ళడం సర్వీసింగ్ కాదు, అది పైన మనం చేసుకున్నదే. ఇండోర్ కింద ప్లాస్టిక్ సంచి కట్టి, బోర్డుకి కవర్ చుట్టి, జెట్ పంపుతో కాయిల్, బ్లోయర్ కడగాలి. సంచిలోంచి బకెట్లోకి దిగే నీళ్ళు మొదట డికాక్షన్‌లా నల్లగా వస్తాయి. తేటపడేదాకా కొట్టమనండి. అవుట్‌డోర్ కడగకుండా వెళ్ళిపోయేవాళ్ళెక్కువ, గుర్తు చేయండి. తొందరగా తెల్లబడాలని యాసిడ్ తీస్తే వద్దని చెప్పండి.

అసలు గొడవ గ్యాస్ దగ్గరే. "గ్యాస్ అయిపోయింది సార్" అంటే, "ఎలా అయిపోతుంది తమ్ముడూ, ఇదేమన్నా వంటింట్లో సిలిండరా?" అని అడగండి. నవ్వుతూనే అడగండి. ఏసీలో గ్యాస్ మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది, ఖర్చవదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటు మూయకుండా నింపడం చిల్లికుండలో నీళ్ళు పోయడమే, వచ్చే వేసవికి మళ్ళీ అదే బిల్లు. కాబట్టి అడగాల్సినవి ఇవి:

ఒకటి, కడగకముందు గేజ్ పెట్టి ప్రెషర్ తక్కువుందంటే ఒప్పుకోకండి. ఫిల్టర్, కాయిల్ మూసుకుపోయి గాలి ఆడకపోయినా గేజ్‌లో ప్రెషర్ తక్కువే చూపిస్తుంది. కడిగి, పావుగంట నడిపి, అప్పుడు చూడమనండి. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ (అవుట్‌డోర్‌లో గ్యాస్‌ని నొక్కి తిప్పే మోటారు) వేగం మారుతుంటుంది, దానితో పాటే అంకే మారుతుంది. గేజ్ ఒక్కటే సాక్ష్యం కాదు.

రెండు, లీకు ఎక్కడో చూపించమనండి. అవుట్‌డోర్ దగ్గర ఇత్తడి నట్లు బిగించిన చోట సబ్బు నురగ రాస్తే బుడగలు లేస్తాయి. చాలా లీకులు అక్కడే. ఆ చుట్టూ నూనె మరక ఉన్నా అనుమానించాలి. కనపడకపోతే నైట్రోజన్ నింపి పరీక్షించాలి.

మూడు, లీకు మూశాక వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ లాగేయాలి. తర్వాత యూనిట్ మీది ప్లేటులో ఎన్ని గ్రాములని రాసి ఉందో చూసి, అన్ని గ్రాములూ తూచి ఎక్కించాలి. అదే ప్లేటు మీద గ్యాస్ పేరూ ఉంటుంది. పాతవాటిలో ఆర్-22, ఆ తర్వాతవాటిలో ఆర్-410ఏ, ఇప్పటివాటిలో ఎక్కువగా ఆర్-32. ఒకదాంట్లో ఇంకోటి కలపకూడదు. ఆర్-22 ఓజోన్ పొరకి చేటు. ఆ పొరని కాపాడడానికి దేశాలన్నీ కుదుర్చుకున్న మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశం 2030 నాటికి దాన్ని దాదాపుగా వదిలించుకోవాలి, కాబట్టి పాత ఏసీకి పదే పదే గ్యాస్ పోయించే ముందు ఆలోచించుకోండి. ఆర్-32కి కొద్దిగా మండే గుణం ఉంది. కొన్ని ఏసీల్లో వాడే ఆర్-290 అయితే ప్రొపేనే, వంటగ్యాస్‌కి చుట్టం. ఈ పని జరుగుతున్నంతసేపూ గది కిటికీలు తెరిచి ఉంచండి. పక్కన దీపం, సిగరెట్, స్టవ్ ఏదీ వెలగకూడదు.

పనయ్యాక మీ పరీక్ష మీరు చేయండి. కిటికీలు మూసి, 18 డిగ్రీలకు తగ్గించి, ఫ్యాన్ పూర్తి వేగంలో పావుగంట నడపండి. గోడకు తగిలించే మామూలు థర్మామీటర్‌ని ముందు ఇండోర్ పైన గాలి పీల్చే చోట, తర్వాత కింద గాలి ఊదే చోట అయిదేసి నిమిషాలు పట్టండి. జ్వరం చూసేది పనికిరాదు, అంత చల్లదనం అది చూపించదు. రెండింటి మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే ఏసీ ఆరోగ్యంగా ఉన్నట్టే. వానాకాలం, తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువైతే తేడా ఒకటి రెండు డిగ్రీలు తగ్గొచ్చు, కంగారొద్దు.

రోజువారీ కొన్ని

వాసన రాకుండా ఉండాలంటే, పొద్దున్నే ఏసీ ఆపే ముందు పదిహేను ఇరవై నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో వదలండి. తడిగా మూసిన చోట బూజు పడుతుంది, కాయిల్ ఆరితే పట్టదు. కొన్ని కొత్త మోడళ్ళు ఆపగానే ఆ పని వాటంతట అవే చేస్తాయి. ఆఫ్ నొక్కినా గాలి వస్తోందని మా అత్తగారు రెండుసార్లు స్విచ్ తీసేశారు. ఆపిన వెంటనే మళ్ళీ వేయకండి, కంప్రెసర్‌కి మూడు నిమిషాల విరామం కావాలి.

2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా రావాలని బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నిబంధన తెచ్చింది. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని దాని లెక్క. 24లో పెట్టి పైన ఫ్యాన్ ఒకటిలో తిప్పితే, 18లో పెట్టి రెండు దుప్పట్లు కప్పుకునే అవసరం రాదు. ఏసీ మీద భారమూ తగ్గుతుంది.

విండో ఏసీకి ముందు గ్రిల్ వెనక ఒకే జాలీ, కడిగే తీరు అదే. యూనిట్ వెనక్కి, అంటే వీధి వైపుకి కొద్దిగా వాలి ఉండాలి. లోపలికి వాలితే నీళ్ళు గదిలోకే.

సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళకి ఒక మాట: ఉప్పుగాలి ఫిన్నుల్ని తెల్లటి పొడిలా రాల్చేస్తుంది. నెలకోసారి మంచినీళ్ళతో అవుట్‌డోర్ తడిపి ఉప్పు దించడమే అక్కడ పెద్ద మెయింటెనెన్స్.

సీజన్ ముగిశాక

దీపావళి దాటి ఏసీ అక్కర్లేదనుకున్నాక, ఎండ బాగా ఉన్న రోజు చూసి రెండు గంటలు ఫ్యాన్ మోడ్‌లో నడిపి లోపలంతా ఆరబెట్టండి. జాలీలు కడిగి, ఆరాక బిగించండి. ఎంసీబీ దించండి. అవుట్‌డోర్‌ని ప్లాస్టిక్ కవర్లో మూట కట్టకండి, లోపల తేమ చేరుతుంది, ఎలుకలు వెచ్చగా కాపురం పెడతాయి. పైన ఒక రేకు చాలు. ముందు ప్యానెల్ లోపలి వైపు ఇవాళ్టి తేదీ మార్కర్‌తో రాయండి, సర్వీసింగ్ ఎప్పుడయిందో, గ్యాస్ ఎప్పుడు పోయించామో కూడా అక్కడే. వచ్చే ఏడాది వచ్చే మెకానిక్‌కి ఆ రాత చూపిస్తే మాట తీరే మారుతుంది.

ఆఖర్న రిమోట్‌లోంచి సెల్స్ తీసేయండి, వాడకుండా ఉంచితే కారి స్ప్రింగుల్ని తినేయొచ్చు. రిమోట్, సెల్స్, ఏసీ బుక్కు ఒకే కవర్లో వేసి ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి. మా ఇంట్లో ఫిబ్రవరి ఆఖరికి ఆ కవర్ కోసం అలమరాలన్నీ బోర్లించడం ప్రతి ఏడాదీ జరిగే తంతు. పోయినసారి అది బియ్యం డబ్బా వెనక దొరికింది.